తక్కువ ధరలో ఆక్టేవ్ పెడల్, పిచ్ షిఫ్టర్: పోల్చి ఎంచుకునే పద్ధతి

ఆక్టేవ్ పెడల్ అనీ పిచ్ షిఫ్టర్ అనీ అమ్ముడయ్యే, గిటార్‌కూ దాని ధ్వనిని పెంచే ఆంప్‌కూ మధ్య కలిపి స్వరం ఎత్తును మార్చే పెట్టెలన్నీ ఒకే పని చేసేవి కావు. గిటార్ వాయించేవారు వాటితో చేయించుకునే పనులు స్థూలంగా అయిదు. ఒంటి స్వరాల వరసకు కింద ఒక మంద్ర స్వరాన్ని జోడించి, పక్కన బేస్ గిటార్ ఉన్నట్టు వినిపించడం మొదటిది. కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మొత్తానికి పై స్థాయినీ (ఆక్టేవ్‌నూ) కింది స్థాయినీ కలిపి ఆర్గాన్‌ను తలపించే నిండుదనం తేవడం రెండోది. తీగలను వదులు చేయకుండానే గిటార్ శ్రుతి మొత్తాన్ని కొన్ని సెమీటోన్లు (స్థాయిలో పన్నెండో వంతు మెట్లు) దించడం మూడోది. పాదంతో తొక్కుతూ స్వరాన్ని ఒక స్థాయి నుంచి మరో స్థాయికి జార్చడం నాలుగోది. వాయిస్తున్న వరసకు తోడుగా, వాయించే స్వరం నుంచి లెక్కిస్తే వచ్చే మూడో స్వరాన్నో అయిదో స్వరాన్నో పలికించడం అయిదోది. చవకగా దొరికే పెడల్ వీటిలో ఒకటో రెండో బాగా చేసి, మిగిలినవాటిని పేరుకు మాత్రమే చేస్తుంది. అందువల్ల పోలిక మొదలుపెట్టే ముందే తమకు కావలసిన పని ఏదో తేల్చుకుని, ఆ పనిలో ఏ పెడల్ మెరుగో చూడాలి తప్ప, పెట్టె మీద ఎన్ని మోడ్‌లు అచ్చువేశారో లెక్కపెట్టకూడదు.

లోపల జరిగేది

స్వరం ఒక స్థాయి పైకి వెళ్ళడమంటే దాని పౌనఃపున్యం రెట్టింపు కావడం. ఒక స్థాయి దిగడమంటే సగం కావడం. మామూలు శ్రుతిలో ఉన్న గిటార్‌పై అన్నిటికన్నా లావుగా ఉండే ఇ తీగను వట్టిగా మీటితే దాదాపు 82.4 హెర్ట్జ్ స్వరం వస్తుంది. దానికి కింది స్థాయి 41.2 హెర్ట్జ్, అంటే నాలుగు తీగల బేస్ గిటార్ పలికే అత్యంత మంద్రమైన స్వరం. ఇంకొక స్థాయి దిగితే 20.6 హెర్ట్జ్ వస్తుంది. అది మనిషి చెవికి వినిపించే హద్దు అంచున ఉంటుంది కాబట్టి, రెండు స్థాయిలు దించే నాబ్ సన్న తీగల మీద వాయించేటప్పుడు పనికి వచ్చినంతగా లావు తీగల మీద పనికిరాదు.

పాత అనలాగ్ పెడళ్ళు ఈ సగం చేయడాన్ని చాలా సూటిగా సాధిస్తాయి. తరంగం ఒక పూర్తి ఆవృత్తి ముగించిన ప్రతిసారీ ఫ్లిప్-ఫ్లాప్ అనే చిన్న సర్క్యూట్ తన స్థితిని మార్చుకుంటుంది, దానివల్ల రెండు ఆవృత్తులకు ఒకటి చొప్పున చతురస్రాకారపు తరంగం బయటికి వస్తుంది. ఇందులో నిల్వ చేసుకుని లెక్కలు కట్టడమంటూ ఏమీ లేదు కాబట్టి ఆలస్యం దాదాపు ఉండదు, వేలి కింద స్వరం వెంటనే పలుకుతుంది. కాని ఆ సర్క్యూట్‌కు ఒక్కసారి ఒక్క స్వరమే తెలుసు. రెండు తీగలు కలిసి మోగితే ఏ ఆవృత్తిని లెక్కించాలో తేలక శబ్దం గరగరమంటూ అటూ ఇటూ గెంతుతుంది. బాస్ కంపెనీ 1982లో తెచ్చిన ఓసీ-2 ఈ జాతిలో ఎక్కువమంది మెచ్చినది. రెండు స్థాయిలు దించి, దానికి ఫజ్ (గరగరలాడే ధ్వని) కూడా కలిపే ఎంఎక్స్ఆర్ బ్లూ బాక్స్ ఇదే సూత్రం మీద నడిచే మరింత మొరటు గొంతు.

పై స్థాయిని అనలాగ్‌లో పుట్టించే దారి వేరు. తరంగంలో సున్నా గీతకు దిగువన ఉన్న భాగాన్ని పైకి మడిచేస్తే ఒక్క ఆవృత్తిలో రెండు గుబ్బలు ఏర్పడతాయి, పౌనఃపున్యం రెట్టింపవుతుంది. రోజర్ మేయర్ రూపొందించగా గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ 1967లో రికార్డింగులలో వాడిన ఆక్టేవియా ఈ తీరుదే, ఇప్పటికీ దాని నకళ్ళు తక్కువ ధరలో తయారవుతున్నాయి. ఈ రకం పెడల్‌ను పరీక్షించేటప్పుడు మెడ వైపు పికప్‌ను (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగాన్ని) ఎంచుకుని, గిటార్ టోన్ నాబ్‌ను బాగా తగ్గించి, పన్నెండో ఫ్రెట్‌కు (గిటార్ మెడ మీది అడ్డు కమ్మీకి) పైన వాయించాలి. పై స్థాయి స్పష్టంగా వినిపించేది అక్కడే. మొదటి ఫ్రెట్ల దగ్గర వాయించి, ఇది పనిచేయడం లేదని తీర్పు చెప్పడం దానికి అన్యాయం.

డిజిటల్ పెడల్ వచ్చిన ధ్వనిని ముందు తన మెమరీలో రాసుకుని, వేరే వేగంతో చదువుతుంది. ఒక సెమీటోన్ పెంచాలంటే సుమారు 5.9 శాతం వేగంగా చదవాలి, ఒక స్థాయి పెంచాలంటే రెట్టింపు వేగంతో చదవాలి. రాసే వేగం కన్నా చదివే వేగం ఎక్కువైనప్పుడు చదవడానికి సరుకు అయిపోతుంది కాబట్టి పెడల్ మళ్ళీ కొంచెం వెనక్కి వెళ్ళి, ఆ అతుకు తెలియకుండా రెండు ముక్కలను ఒకదానిలో ఒకటి కలపాలి. చవక పెడల్‌లో వినిపించే వణుకు, నీటిలో మునిగినట్టుండే గొంతు ఆ అతుకుల నుంచే వస్తాయి. ముక్క పొడుగైతే అతుకులు తగ్గి స్వరం నిలకడగా ఉంటుంది గాని ఆలస్యం పెరుగుతుంది. ముక్క పొట్టిదైతే వెంటనే పలుకుతుంది గాని వణుకుతుంది. లావు ఇ తీగ ఒక్క ఆవృత్తి పూర్తి చేయడానికే 12 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కాబట్టి మంద్ర స్వరాల దగ్గర ఈ ఇబ్బంది ఎక్కువ. మెరుగైన పెడళ్ళు ధ్వనిని అనేక పౌనఃపున్య పట్టీలుగా విడగొట్టి మార్చడం వంటి ఉపాయాలతో ఈ రెండింటినీ కొంతవరకు రాజీ చేస్తాయి. ధరలో తేడాకు చాలావరకు అర్థం ఇక్కడే ఉంది. 1970ల మధ్యలో ఈవెంటైడ్ హెచ్910 అనే పరికరంతో స్టూడియో ర్యాకుల్లోకి వచ్చిన ఈ విద్యను 1989లో డిజిటెక్ కంపెనీ వ్యామీ పెడల్ కాలి కిందికి తెచ్చింది. నేటి చవక పెడళ్ళు ఆ దారిలోనివే.

పరీక్షించే తీరు

పోలికలో మొదటి నియమం శబ్ద తీవ్రతలను సమం చేయడం. రెండు పెడళ్ళలో కొంచెం గట్టిగా మోగేదే మనకు మెరుగ్గా తోస్తుంది, చెవి చేసే మోసం అది. ఆంప్‌ను శుభ్రమైన ధ్వనిలో ఉంచి, రివర్బ్, డిలే (ప్రతిధ్వనులు కలిపే పెడళ్ళు) ఆపేసి, గిటార్‌ను కచ్చితంగా శ్రుతి చేసుకోవాలి. లూపర్ పెడల్ (వాయించినదాన్ని రికార్డ్ చేసి మళ్ళీ మళ్ళీ వినిపించేది) ఉంటే ఒక చిన్న వరసను అందులో నింపి, పరీక్షించే పెడల్‌ను దాని తరువాత కలిపితే ప్రతి పెడల్‌కూ అదే వాయింపు, అదే బలంతో అందుతుంది. వాయించే చెయ్యి మారిందన్న అనుమానానికి తావుండదు. అయితే వేలికి తోచే ఆలస్యాన్ని లూపర్ చెప్పలేదు కాబట్టి స్వయంగా వాయించి చూడక తప్పదు.

అసలు ధ్వనిని పూర్తిగా తగ్గించి, మార్చిన ధ్వనిని మాత్రమే వినడం రెండో నియమం. పెడళ్ళ వీడియోలలో తరచుగా రెండింటినీ కలిపి వినిపిస్తారు; అసలు స్వరం పక్కన ఉంటే వణుకు దాని చాటున దాక్కుంటుంది. అలా మార్చిన ధ్వనిని మాత్రమే వింటూ, ఒకే తీగ మీద పన్నెండో ఫ్రెట్ నుంచి ఒక్కొక్క ఫ్రెట్ దిగుతూ ప్రతి స్వరాన్నీ పూర్తిగా ఆరిపోయేదాకా మోగనివ్వాలి. అనలాగ్ పెడల్‌లో స్వరం ఆరిపోయే చివరలో గొంతు జీరపోతుంది, కొన్నిచోట్ల ఒక స్థాయి పైకి గెంతుతుంది. అది ఏ ఫ్రెట్ దగ్గర, ఎంతసేపటికి మొదలవుతుందో గమనించాలి. తరువాత లావు తీగల మీదికి వెళ్ళాలి. చవక పెడల్ బండారం బయటపడేది అక్కడే.

ఆ తరువాత రెండు స్వరాలు కలిపి వాయించాలి. ముందు అయిదో స్వరంతో కూడిన పవర్ కార్డ్, తరువాత మూడో స్వరంతో కూడిన జంట, చివరికి ఆరు తీగల కార్డ్. అయిదో స్వరం సులభమైన పరీక్ష. లావు తీగల మీద మూడో స్వరాన్ని గందరగోళం లేకుండా పలికించగల పెడల్ కార్డులకు పనికొస్తుందని నమ్మవచ్చు. పెట్టె మీద పాలీఫోనిక్ (ఒకేసారి అనేక స్వరాలను పట్టుకోగలది) అని ఉన్నంతమాత్రాన ఈ పరీక్షను వదిలేయకూడదు, ఎందుకంటే కార్డ్ వాయిస్తే గోల కాకపోవడం ఒకటి, ప్రతి స్వరమూ విడిగా వినబడడం మరొకటి. తీగను లాగుతూ స్వరాన్ని పెంచి, ఆ లాగుడు నున్నగా వస్తోందా, మెట్లు మెట్లుగా వస్తోందా అన్నదీ చూడాలి.

ఆలస్యానికి మంచి పరీక్ష, అరచేతి అంచుతో తీగలను నొక్కిపట్టి వేగంగా, తెగ్గొట్టినట్టు వాయించడం. మీటు వేసిన క్షణానికీ శబ్దం వచ్చిన క్షణానికీ మధ్య ఎడం ఉంటే ఇక్కడ చేతికి తెలిసిపోతుంది. గాలిలో ధ్వని ఒక మీటరు దూరం పోవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, 15 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే ఆంప్‌కు అయిదు మీటర్ల దూరంలో నిలబడి వాయించినట్టే. నిదానమైన వరసలకు అది అడ్డు కాదు, వేగంగా తాళం పట్టే రిథమ్ వాయింపులో మాత్రం చికాకు పెడుతుంది. అంకెల్లో తెలుసుకోవాలనుకునేవారు గిటార్ సిగ్నల్‌ను రెండుగా చీల్చి, ఒకదాన్ని నేరుగా, మరొకదాన్ని పెడల్ గుండా రికార్డ్ చేసి, రెండు తరంగాల మొదళ్ళ మధ్య దూరాన్ని కంప్యూటర్ తెర మీద కొలవవచ్చు. అసలు ధ్వనిని కలిపి వాడేవారికి ఇంకొక చిక్కు ఉంది. అసలు స్వరం ముందూ మార్చిన స్వరం వెనకా వచ్చి ప్రతి మీటూ రెండుసార్లు పడ్డట్టు వినిపించవచ్చు. కొందరికి అది నచ్చుతుంది కూడా.

ఏ పనికి ఏ పెడల్

ఒంటి స్వరాల వరసకు మంద్ర స్వరం కలపడమే లక్ష్యమైతే అనలాగ్ పెడల్‌ను చిన్నచూపు చూడనక్కరలేదు. ఆ పనికి నేనైతే చవక పాలీఫోనిక్ పెడల్ కన్నా మంచి అనలాగ్ పెడల్‌నే ఎంచుతాను. ఆలస్యం లేకపోవడం, గొంతులో ఆ కొద్దిపాటి సింథసైజర్ ఛాయ ఉండడం దాని బలాలు. రెండు లోకాలూ కావాలనుకునేవారికి బాస్ ఓసీ-5 ఉంది. 2020లో వచ్చిన ఈ పెడల్‌లో పాత ఓసీ-2 తీరు ఒక మోడ్‌గానూ, కార్డులను పట్టుకోగల పాలీఫోనిక్ తీరు మరో మోడ్‌గానూ ఉన్నాయి. ఒక స్థాయి పై స్వరమూ ఇస్తుంది. కార్డ్‌లో అన్నిటికన్నా కింద ఉన్న స్వరానికి మాత్రమే మంద్ర స్థాయిని కలిపే ఏర్పాటు ఇందులో ఉండడం ఒంటరిగా వాయించేవారికి ఎంతో మేలు, ఎందుకంటే కార్డ్‌లోని స్వరాలన్నీ ఒక స్థాయి దిగితే అడుగున బురదలా ముద్దవుతుంది, ఒక్కటే దిగితే బేస్ వరసలా నిలుస్తుంది.

కార్డులకు ఆర్గాన్ నిండుదనం కావాలంటే ఎలక్ట్రో-హార్మోనిక్స్ వారి పాగ్ కుటుంబాన్ని గీటురాయిగా పెట్టుకుని మిగిలినవాటిని పోల్చడం న్యాయం. ఈ కుటుంబంలోని నానో పాగ్‌లో మూడే నాబులుంటాయి: అసలు ధ్వనికి ఒకటి, కింది స్థాయికి ఒకటి, పై స్థాయికి ఒకటి. చేయవలసిన సర్దుబాటు ఇంతే కాబట్టి వేదిక మీద తడుముకోవలసిన పని ఉండదు. అసలు ధ్వనికీ మారిన ధ్వనికీ రెండు వేర్వేరు అవుట్‌పుట్లు ఉండడం వల్ల, ఒకటి గిటార్ ఆంప్‌కూ మరొకటి బేస్ ఆంప్‌కూ పంపవచ్చు. టీసీ ఎలక్ట్రానిక్ సబ్ ఎన్ అప్ ఇంకొంచెం ఎక్కువ ఇస్తుంది: రెండు కింది స్థాయిలు, ఒక పై స్థాయి, పాలీఫోనిక్ మోడ్‌తో పాటు పాత అనలాగ్ తీరును అనుకరించే మోడ్, ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో అమరికలను దించుకునే వీలు. ధరకు తగ్గ ఫలం చూస్తే నాకు ఇది చాలా బలమైన పోటీదారు. పాగ్‌తో పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు మాత్రం పై స్థాయి నాబ్‌ను జాగ్రత్తగా వినాలి, ఎక్కువ పెంచినప్పుడు పలుచగా, బొమ్మ వాయిద్యంలా వినిపించే దోషం పెడళ్ళన్నిటిలోనూ ముందుగా అక్కడే కనిపిస్తుంది.

శ్రుతి దించడానికి డిజిటెక్ డ్రాప్ ఒక్క పని కోసమే పుట్టిన పెడల్. ఒకటి నుంచి ఏడు సెమీటోన్ల వరకు, తరువాత ఒక స్థాయి, ఆపైన అసలు ధ్వనితో కలిసిన ఒక స్థాయి, అంతే. రెండు మూడు సెమీటోన్ల వరకు దించినప్పుడు గిటార్ సహజంగానే ఉంటుంది, అంతకు మించితే మీటు పదును మెల్లగా మొద్దుబారుతుంది. ఈ పనిని ఇంట్లో చిన్న శబ్దంతో పరీక్షించేవారికి ఒక వింత అనుభవం తప్పదు: తీగల నుంచి నేరుగా చెవికి చేరే అసలు శ్రుతీ ఆంప్ నుంచి వచ్చే దిగిన శ్రుతీ రెండూ కలిసి అపస్వరంలా తోస్తాయి. అది పెడల్ తప్పు కాదు. శబ్దం పెంచినా హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా పోతుంది.

స్వరాన్ని జార్చడానికి వ్యామీ పెద్దది, ఖరీదైనది. డబ్బూ చోటూ ఆదా చేసుకోవాలనుకునేవారు వ్యామీ రికోషేను చూడవచ్చు. ఇందులో ఊగే పలక లేదు, స్విచ్‌ను తొక్కితే స్వరం ఎంత సమయంలో పైకి పోవాలో, వదిలితే ఎంత సమయంలో తిరిగి రావాలో రెండు నాబులు నిర్ణయిస్తాయి. పాదంతో స్వరాన్ని మధ్యలో ఆపి ఆడించాలనుకునేవారికి ఇది చాలదు. అటువంటివారు ఎక్స్‌ప్రెషన్ పెడల్ (పాదంతో ఊపే పలక) కలుపుకునే వీలున్న ఎలక్ట్రో-హార్మోనిక్స్ పిచ్ ఫోర్క్ వైపు చూడాలి. మూడు స్థాయిల దాకా పైకీ కిందికీ, లేదా రెండు వైపులా ఒకేసారి మార్చగలదు. అయిదు పనుల్లో నాలుగింటిని ఒక మోస్తరుగా చేసే పెడల్ ఒక్కటే కొనాలంటే దీన్ని సూచిస్తాను; అయితే కార్డుల నిండుదనంలో పాగ్‌ను, శ్రుతి దించడంలో డ్రాప్‌ను ఇది మించుతుందని ఆశించకూడదు.

హార్మనీ (తోడు స్వరం) దగ్గర ఒక మాట స్పష్టంగా తెలుసుకోవాలి. ఎప్పుడూ ఒకే దూరంలో తోడు స్వరం పలికించే పెడల్ వేరు, పాట శ్రుతిని (కీని) బట్టి దూరాన్ని మార్చుకునే పెడల్ వేరు. సి మేజర్‌లో సి స్వరానికి మూడో స్వరమైన ఇ నాలుగు సెమీటోన్ల దూరంలో ఉంటే, డి స్వరానికి మూడో స్వరమైన ఎఫ్ మూడు సెమీటోన్ల దూరంలోనే ఉంది. ఎప్పుడూ నాలుగే కలిపే పెడల్ డి వాయించినప్పుడు ఎఫ్ షార్ప్ పలికించి వరసను చెడగొడుతుంది. ఏడు సెమీటోన్లు, అంటే అయిదో స్వరాన్ని కలిపితే మాత్రం ఆ శ్రుతిలో బి దగ్గర ఒక్కచోటే తప్పు వస్తుంది, అందుకే స్థిరదూరపు పెడల్ కొన్నవారు అయిదో స్వరంతో సరిపెట్టుకోవడం తెలివైన పని. మూయర్ పిచ్ బాక్స్ వంటి అరచేతి పెడళ్ళు హార్మనీ అని పేరు పెట్టినా ఇచ్చేది ఈ స్థిరదూరమే. శ్రుతిని అమర్చుకునే సౌకర్యం కావాలంటే బాస్ పీఎస్-6 హార్మొనిస్ట్, అంత ఖర్చు వద్దనుకుంటే బెరింగర్ యూఎస్600 ఉన్నాయి. రెండోదాని పెట్టె ప్లాస్టిక్‌ది, ఇంట్లో వాడుకోవడానికి సరిపోతుంది, రోజూ వేదికలెక్కేవారికి నేను సూచించను. ఈ రెండింటితోనూ పాట శ్రుతిని ముందే పెడల్‌కు చెప్పాలి. పాట మధ్యలో శ్రుతి మారితే పెడల్ దాన్ని పసిగట్టలేదు.

డిట్యూన్ అనే మోడ్ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గాని, చవక పెడళ్ళలో అన్నిటికన్నా నమ్మకంగా పనిచేసేది అదే. సెమీటోన్‌ను నూరు భాగాలు చేస్తే అందులో ఎనిమిది భాగాలు మాత్రమే పెంచిన స్వరాన్ని అసలు స్వరంతో కలిపితే, 440 హెర్ట్జ్ దగ్గర సెకనుకు రెండుసార్లు మెత్తగా అల పుడుతుంది. మార్పు ఇంత చిన్నదైనప్పుడు అతుకులు చెవికి అందవు.

అమరిక, కరెంటు

ఈ పెడళ్ళకు శుభ్రమైన, ఒంటి సిగ్నల్ కావాలి కాబట్టి వీటిని డిస్టార్షన్‌కు (ధ్వనిని గరగరలాడించే పెడల్‌కు) ముందే పెట్టాలి. డిస్టార్షన్ తరువాత పెడితే అనుస్వరాలతో (మూల స్వరంతో పాటు మోగే పై స్వరాలతో) కిక్కిరిసిన తరంగంలో అసలు ఆవృత్తిని వెతుక్కోలేక తడబడతాయి. వీటికి ముందు ఒక కంప్రెసర్ ఉంటే ఆరిపోతున్న స్వరాన్ని నిలబెట్టి ట్రాకింగ్‌కు (పెడల్ స్వరాన్ని పట్టుకోవడానికి) సాయపడుతుంది. అనలాగ్ పెడల్‌తో ఆ మేలు మరీ ఎక్కువగా కనిపిస్తుంది. డిలే, రివర్బ్ చివరికి పోవాలి. పాత జెర్మేనియం ఫజ్ పెడల్ ఉన్నవారికి మాత్రం చిక్కు: అది గిటార్ పికప్‌ను నేరుగా చూడాలనుకుంటుంది, మధ్యలో బఫర్ (సిగ్నల్‌ను బలపరిచే సర్క్యూట్) ఉన్న పెడల్ వస్తే గొంతు కీచుగా మారుతుంది. అటువంటి చోట ట్రూ బైపాస్ (ఆపినప్పుడు సిగ్నల్‌ను నేరుగా దాటించే ఏర్పాటు) ఉన్న ఆక్టేవ్ పెడల్‌ను ఎంచుకోవచ్చు, అయితే రెండూ కలిపి నొక్కినప్పుడు ఎలా ఉంటుందో విని తీరాలి.

స్పీకర్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మామూలు గిటార్ స్పీకర్లు 75 హెర్ట్జ్ ప్రాంతానికి కింద వేగంగా నీరసిస్తాయి కాబట్టి, 41 హెర్ట్జ్ మంద్ర స్వరం మూలం వాటిలో దాదాపు వినిపించదు, దాని అనుస్వరాలే వినిపిస్తాయి. హెడ్‌ఫోన్లలో విని మెచ్చుకున్న పెడల్ చిన్న ఆంప్‌లో పేలవంగా ఉంటే కారణం ఇదే కావచ్చు. ఏ స్పీకర్‌తో వాడబోతారో దానితోనే పరీక్షించాలి.

కరెంటు విషయంలో, చాలా పెడళ్ళు మధ్య పిన్ రుణ ధ్రువంగా ఉన్న 9 వోల్టుల డీసీతో నడుస్తాయి, కాని డిజిటల్ పిచ్ పెడళ్ళకు అనలాగ్ పెడళ్ళకన్నా ఎక్కువ మిల్లీ ఆంపియర్లు కావాలి. పవర్ సప్లైలో ఆ గూటికి ఉన్న సామర్థ్యాన్నీ పెడల్ మీద రాసిన అవసరాన్నీ పోల్చిచూడాలి. చాలకపోతే పెడల్ వెలగకపోవచ్చు, లేదా వెలిగి కూడా ధ్వని తెగిపోవచ్చు. ఒకే తీగ నుంచి అనేక పెడళ్ళకు కరెంటు పంచితే డిజిటల్ పెడల్ నుంచి సన్నటి కూత మిగిలినవాటిలోకి చొరబడడం మామూలే, అప్పుడు విడి అవుట్‌పుట్ ఉన్న సప్లై అవసరమవుతుంది. వాడిన పెడల్ కొనేవారు అడాప్టర్‌ను మరింత జాగ్రత్తగా చూడాలి: వ్యామీ నాలుగో తరం 9 వోల్టుల ఏసీతో నడుస్తుంది, దాని అడాప్టర్‌ను డీసీ పెడళ్ళకు తగిలిస్తే అవి పాడైపోవచ్చు. ఫుట్‌స్విచ్‌ను ఇరవైసార్లు వరసగా నొక్కి ప్రతిసారీ మారుతోందో లేదో, నాబులు తిప్పినప్పుడు కరకరమంటున్నాయో లేదో, ఎక్స్‌ప్రెషన్ జాక్ ఉంటే అందులో పెడల్ పెట్టి మొదటి నుంచి చివరిదాకా స్వరం నున్నగా జారుతోందో లేదో అమ్మేవారి ఎదుటే చూసుకోవాలి.